ఇంజను గొంతు సవరణ

అంతర్దహన యంత్రం చూపరికి అగ్నితో నడిచే వస్తువుగా తోచినా, దాని బలాబలాలను నిర్ణయించేది అగ్ని కాదు, గాలి. ఒక గ్రాము పెట్రోలు సంపూర్ణంగా దగ్ధం కావడానికి దాదాపు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంధనాన్ని ఎంతైనా చిమ్మవచ్చు. దానికి సరిజోడైన గాలిని సెకనులో వందోవంతు కూడా నిండని వ్యవధిలో సిలిండరులోకి చేర్చడమే కష్టం. ఆ గాలికి తొలి వాకిలి థ్రాటిల్. ఒక లోహపు గొట్టం, దానికి అడ్డంగా ఒక ఇరుసు, ఇరుసుకు స్క్రూలతో బిగించిన ఒక గుండ్రని పళ్లెం: నిర్మాణంలో ఇంతకంటె సరళమైన భాగం కారులో మరొకటి ఉండదేమో. ఆంగ్లంలో ఆ పేరు గొంతును సూచించే మాట నుంచి పుట్టి, గొంతు నులమడమనే క్రియగా స్థిరపడింది. పని కూడా అదే. నడిపేవాడు కాలు ఎత్తినప్పుడు యంత్రానికి ఊపిరి అందకుండా చేయడమే దాని స్వధర్మం. అటువంటి ఉపకరణాన్ని ఆకురాయితో, గ్రైండరుతో, గరుకు కాగితంతో సవరించి, వీలైనంత తక్కువగా అడ్డుపడేట్టు మలచాలని ఒక శతాబ్దంగా మనుషులు ప్రయత్నిస్తున్నారు. మెకానిక్కుల పరిభాషలో పోర్టింగ్ అని పిలిచే ఈ విద్య ఎక్కడ మొదలై, ఏ నమ్మకాలను మోసుకొని, ఏ కొలతల ముందు తలవంచిందో విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గొట్టంలో తిరిగే రెక్క మోటారు కారు కంటె చాలా పాతది. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరి యంత్రానికి అపకేంద్ర నియంత్రకాన్ని జతపరచినప్పుడు, ఆ గిరగిర తిరిగే గుండ్లు లింకుల ద్వారా కదిలించినది ఆవిరి గొట్టంలోని ఇటువంటి రెక్కనే. అయితే ఒటో 1876లో నాలుగు ఘాతాల యంత్రాన్ని సిద్ధపరచిన తరువాత కూడా చాలాకాలం గాలిదారి గురించి ఎవరూ పెద్దగా చింతించలేదు. చింతించవలసిన అవసరం లేకపోవడమే అందుకు కారణం. కార్ల్ బెంజ్ 1886 జనవరి 29న పేటెంటుకు దాఖలుచేసిన మూడుచక్రాల బండి ఇంజను 954 ఘన సెంటీమీటర్ల పరిమాణం కలిగి కూడా ఒక అశ్వశక్తికి లోపే ఇచ్చేది. నిమిషానికి దాదాపు 400 చుట్లతో సరిపెట్టుకునేది. అంత నింపాదిగా తిరిగే యంత్రానికి గాలి పీల్చుకొనే వ్యవధి కావలసినంత ఉండేది. ఆనాటి ఇంజన్లలో పెక్కింటికి లోపలి వాల్వును తెరిచే యంత్రాంగమైనా ఉండేది కాదు. పిస్టన్ దిగుతున్నప్పుడు ఏర్పడే పీడనలేమికి లొంగి, బలహీనమైన స్ప్రింగును నెట్టుకొని, అది తనంత తానే తెరుచుకొనేది.

1893 ప్రాంతంలో జర్మనీలో విల్‌హెల్మ్ మైబాఖ్, హంగరీలో దొనాత్ బాంకి, యానోష్ చొంకా విడివిడిగా సాధించిన చిమ్మెడు కార్బురేటర్ ఈ కథలో మొదటి చిక్కుముడిని వేసింది. ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచూరి 1797లోనే వివరించినట్లు, గొట్టం సన్నబడిన చోట ప్రవాహ వేగం హెచ్చి పీడనం తగ్గుతుంది; ఆ తగ్గుదలే పెట్రోలును సన్నని రంధ్రంలోంచి పైకి లాగి గాలిలో తుంపరలుగా కలుపుతుంది. అంటే కార్బురేటర్ పనిచేయాలంటే గొంతు సన్నగా ఉండితీరాలి; ఇంజను బలంగా ఉండాలంటే గొంతు విశాలంగా ఉండాలి. ఈ రెండు అవసరాల మధ్య రాజీ కుదర్చడమే తరువాతి 80 ఏళ్ల కార్బురేటర్ చరిత్ర. ఇంజను వేగం పెరిగిన కొద్దీ ఆ రాజీ భారం కూడా పెరిగింది. మైబాఖ్ 1901లో మెర్సిడెస్ 35 అశ్వశక్తి కారుకు కామ్‌తో తెరుచుకొనే లోపలి వాల్వులను అమర్చగా, 1912లో ప్యూజో వారి పందెపు కారు ఒక్కొక్క సిలిండరుకు నాలుగేసి వాల్వులతో, హెడ్‌పైన రెండు కామ్ షాఫ్టులతో ద్యెప్‌లో జరిగిన ఫ్రెంచ్ గ్రాంప్రీలో గెలిచింది. యంత్రపు పరిమాణాన్ని పెంచడంకంటె దాని శ్వాసను పెంచడం మేలని ఆ గెలుపు లోకానికి చాటింది. లోకం మాత్రం ఆ పాఠాన్ని నిదానంగానే నేర్చుకుంది.

నిదానానికి సహేతుకమైన కారణాలున్నాయి. మొదటి ప్రపంచ యుద్ధానంతరం సూపర్‌ఛార్జర్ వచ్చింది. యంత్రం తనంతట పీల్చుకోలేని గాలిని పంపుతో తోసి నింపవచ్చునని తేలిన తరువాత, దారిలోని మెలికలను సవరించే ఓపిక ఎవరికుంటుంది? 1923లో మోంజాలో ఫియట్ సూపర్‌ఛార్జర్ కారు గెలిచింది మొదలు పందెపు ఇంజన్లు ఆ మార్గంలోనే సాగాయి. అయినా అందరూ అందుకు సమ్మతించలేదు. డబ్ల్యు. ఓ. బెంట్లీ తన కార్లకు బ్లోయరు, అంటే సూపర్‌ఛార్జర్, తగిలించడాన్ని ఇష్టపడలేదు. అతని అభీష్టానికి విరుద్ధంగా తయారైన బ్లోయర్ బెంట్లీలు ల మాన్స్‌లో ఒక్కసారి కూడా గెలవకపోగా, సహజ శ్వాసతో నడిచే స్పీడ్ సిక్స్ 1929, 1930లలో వరుసగా గెలిచింది. ఒకటి రెండు పందేల ఫలితంతో సిద్ధాంతాలను తేల్చడం న్యాయం కాదు. అయినా బెంట్లీ సంస్థ సిలిండర్ హెడ్లపై ఆ దశకంలో పనిచేసిన వారిలో ఒక యువకుడున్నాడన్నది ఇక్కడ గమనించదగిన విషయం. అతని పేరు హ్యారీ వెస్లేక్.

1897లో ఎక్సెటర్‌లో జన్మించిన వెస్లేక్ మొదట కార్బురేటర్లతోనే తన ప్రయోగాలు ప్రారంభించాడు. కార్బురేటర్‌ను ఎంత మెరుగుపరచినా ఇంజనులో ఆశించిన ఫలితం కనిపించని సందర్భాలు అతణ్ని వేధించాయి. దోషం కార్బురేటరులో కాదు, దాని తరువాతి దారిలో ఉందని అతను గ్రహించాడు. గ్రహించడం అంత గొప్ప విషయం కాకపోవచ్చు. అనుభవజ్ఞుడైన ప్రతి మెకానిక్కూ వేలు పెట్టి తడిమి ఆ మాట చెప్పగలడు. వెస్లేక్ విశిష్టత ఎక్కడంటే, వేలికి తెలిసినదాన్ని అంకెగా మార్చడంలో. సిలిండర్ హెడ్‌ను ఒక పెట్టెపై బిగించి, దానిగుండా నిర్ణీతమైన పీడన భేదంతో గాలిని లాగి, వాల్వును కొంచెం కొంచెంగా తెరుస్తూ, ప్రతి మెట్టు వద్ద ఎంత గాలి పోయిందో రాసుకోవడం అతని పద్ధతి. అప్పటివరకు ఇంజను నిర్మాణంలో గాలిదారి అంటే పోతపోసేవాడి సౌకర్యాన్ని బట్టి ఏర్పడే ఖాళీ. ఆ ఖాళీకి ఒక ఆకారం ఉండాలనీ, ఆ ఆకారాన్ని కొలతతో సాధించవచ్చనీ నిలబెట్టిన వారిలో వెస్లేక్‌కు అగ్రస్థానం ఇవ్వక తప్పదు. గాలి ఎంత వెళ్లిందన్నదే కాదు, సిలిండరులోకి ఎలా సుడి తిరుగుతూ వెళ్లిందన్నది కూడా దహనానికి ముఖ్యమని అదే కాలంలో హ్యారీ రికార్డో వేరే మార్గంలో నిరూపిస్తున్నాడు. ఈ ఇద్దరి కృషిని కలిపి చూస్తేనే ఆ తరం సాధించినదేమిటో పూర్తిగా అర్థమవుతుంది.

1930ల మధ్యలో కావెంట్రీలోని ఎస్ఎస్ కార్ల (తరువాతి జాగ్వార్) అధిపతి విలియం లయన్స్, అప్పటికి 70 పైచిలుకు అశ్వశక్తి మాత్రమే ఇస్తున్న తన పక్కవాల్వు ఇంజనును సంస్కరించమని వెస్లేక్‌ను కోరాడు. లక్ష్యం 95. పైవాల్వు హెడ్‌తో సిద్ధమైన ఇంజను 1935లో వంద దాటింది. కారు అందం విషయంలో ఎవరి మాటా వినని లయన్స్, ఇంజను విషయంలో ఈ మనిషి మాట విన్నాడు. ఆ నమ్మకం యుద్ధానంతరం విలియం హేన్స్ నాయకత్వంలో రూపొందిన జాగ్వార్ ఎక్స్‌కె ఇంజనులో ఫలించింది. 1948 అక్టోబరులో లండన్ ప్రదర్శనలో కనిపించిన ఆ 3.4 లీటర్ల యంత్రం సూపర్‌ఛార్జర్ లేకుండానే 160 అశ్వశక్తి ఇచ్చింది. తరువాతి దశకంలో ల మాన్స్‌లో అయిదుసార్లు గెలిచి, రకరకాల రూపాల్లో 1992 వరకు ఉత్పత్తిలో నిలిచింది.

వెస్లేక్ చేయి పడిన హెడ్లన్నీ జాగ్వార్ల వంటి సంపన్నుల కార్లకే పరిమితం కాలేదు. 1951లో వచ్చిన ఆస్టిన్ ఏ30 కారులోని ఏ-సిరీస్ ఇంజనుకు, దాని పెద్దన్న బి-సిరీస్‌కు హృదయాకారపు దహన గదిని సమకూర్చినది కూడా ఆయనే. ఈ బి-సిరీస్ 1489 ఘన సెంటీమీటర్ల రూపంలో 1959లో హిందుస్థాన్ అంబాసడర్‌లోకి వచ్చింది; అంతకుముందున్న పక్కవాల్వు ఇంజనును తొలగించి, 55 అశ్వశక్తితో దశాబ్దాల తరబడి కలెక్టర్లనూ, మంత్రులనూ, పెళ్లివారినీ మోసింది. విజయవాడ ఆటోనగర్‌లోనో, హైదరాబాద్ షెడ్లలోనో అంబాసడర్ హెడ్ విప్పి, మసి గీకి, వాల్వులు రుద్ది మళ్లీ బిగించిన మన మేస్త్రీలు తమ చేతిలో ఉన్నది ఇంగ్లండులో ఒక మనిషి గాలితో కొలిచి గీసిన ఆకారమని ఎరిగి ఉండకపోవచ్చు. వారు దాన్ని మళ్లీ మళ్లీ బతికించారన్నది మాత్రం వాస్తవం.

అట్లాంటిక్ ఆవలి ఒడ్డున ఇదే విద్య పూర్తిగా భిన్నమైన సామాజిక నేపథ్యంలో పెరిగింది. అక్కడ అది ప్రయోగశాల విద్య కాదు, కుర్రవాళ్ల విద్య. 1932లో ఫోర్డు చవకగా అందించిన వి8 ఇంజను 65 అశ్వశక్తితో మొదలైంది. దక్షిణ కాలిఫోర్నియాలో మ్యూరాక్ వంటి ఎండిన సరస్సుల చదును నేలపై వేగపు పందేలు నడిపే యువకులకు అదే మూలధనమైంది. పక్కవాల్వు ఇంజను కావడం వల్ల గాలి వాల్వు దాటి సిలిండరులోకి వెళ్లాలంటే ఇనుప దిమ్మె గట్టును ఎక్కి పక్కకు వంగాలి. ఆ గట్టును అరగదీసి దారి చేయడం, వాల్వు దాకా గాలిని తెచ్చే దారులైన పోర్టులను గీకి వెడల్పు చేయడం వారి తొలి ప్రక్రియలు. కొలిచే బల్ల ఎవరి దగ్గరా లేదు, కొలమానం గడియారమే. ఏ మార్పు వల్ల వేగం పెరిగిందో విడదీసి చెప్పలేని ఈ పద్ధతిలో నిజమైన నైపుణ్యంతోపాటు అపోహలు కూడా పేరుకున్నాయి. రంధ్రం ఎంత పెద్దదైతే అంత మంచిదన్నది వాటిలో మొదటిది. పోర్టు లోపలిభాగాన్ని అద్దంలా మెరిపిస్తే గాలి జారిపోతుందన్నది రెండవది. కార్బురేటర్ ఇంజనులో అద్దపు నునుపు మేలుకంటె కీడే చేయవచ్చు. కొంత గరుకుగా ఉన్న గోడ పెట్రోలు తుంపరలను గాలిలో నిలుపుతుంది. అతి నునుపైన గోడపై అవి చేరి చారికలుగా పారుతాయి. అయినా మెరుపుకు ఉన్న ఆకర్షణ అటువంటిది. నేటికీ పనితనాన్ని మెరుపుతో తూచే గిరాకీలు తక్కువేమీ కాదు.

ఈ ఊహాపోహలకు మధ్యస్థం చెప్పగల గణితం యుద్ధకాలంలోనే పుట్టింది. విమాన ఇంజన్ల కోసం అమెరికా ప్రభుత్వ వైమానిక పరిశోధన సంస్థ నాకా 1943లో ప్రచురించిన ఒక నివేదికలో లివెన్‌గుడ్, స్టానిట్జ్ అనే పరిశోధకులు లోపలి వాల్వు పరిమాణాన్ని, ఎత్తును, ఇంజను వేగాన్ని రకరకాలుగా మార్చి చూశారు. వాల్వు వద్ద గాలి సగటు వేగానికీ, శబ్ద వేగానికీ గల నిష్పత్తి దాదాపు 0.6 దాటగానే సిలిండరు నిండే పాలు వేగంగా పడిపోతుందని వారి పరిశోధన తేల్చింది. ఎంఐటీ ఆచార్యుడు చార్ల్స్ ఫేయెట్ టేలర్ దీన్ని తన గ్రంథంలో సూత్రబద్ధం చేశాడు. దీనినుంచి ఒక ముఖ్యమైన విషయం బోధపడుతుంది: గాలిదారి పొడవునా అన్ని చోట్లా ఇరుకు సమానం కాదు, అసలు ఇరుకు వాల్వు దగ్గర ఉంది. ఇల్లంతా వెడల్పు చేసి గుమ్మం మాత్రం అలాగే ఉంచితే పెళ్లి ఊరేగింపు బయటే ఆగుతుంది.

ఆ గుమ్మం దగ్గర యూరప్‌లో జరిగిన కృషి రెండు పాయలుగా సాగింది. ఒకటి గ్రామీణ వర్క్‌షాపు పాయ. విల్ట్‌షైర్‌లోని డౌన్‌టన్ అనే ఊళ్లో డేనియల్ రిచ్‌మండ్ మినీ కారు హెడ్లను చేత్తో చెక్కేవాడు. ఆ ఇంజనులో నాలుగు సిలిండర్లకు లోపలి పోర్టులు రెండే. ఇరుగుపొరుగు సిలిండర్లు ఒకే దారిలో గాలికోసం పెనగులాడుకుంటాయి. అంత అననుకూలమైన ఆకారంనుంచి అతను రాబట్టిన ఫలితాలు చూసి మాతృసంస్థ బీఎంసీయే అతణ్ని సలహాదారుగా పెట్టుకుంది. 1959లో 848 ఘన సెంటీమీటర్లతో 34 అశ్వశక్తి ఇచ్చిన ఇంజను కుటుంబం, 1963 నాటి కూపర్ ఎస్‌లో 1071తో 70కి చేరింది. 1964, 1965, 1967లలో మాంటే కార్లో ర్యాలీ గెలిచింది. రెండవది కీత్ డక్‌వర్త్ పాయ. 1958లో మైక్ కాస్టిన్‌తో కలిసి కాస్‌వర్త్ స్థాపించిన డక్‌వర్త్, ఉన్న పోర్టును వెడల్పు చేయడం కాక, వాల్వుల మధ్య కోణాన్ని తగ్గించి, పోర్టును నిటారుగా నిలిపి, మెలిక అనేదాన్నే వీలైనంత తొలగించాడు. అతని డీఎఫ్‌వీ ఇంజను 1967 జూన్ 4న జాండ్‌వూర్ట్‌లో జిమ్ క్లార్క్ నడిపిన లోటస్ 49లో తొలి పందెంలోనే గెలిచి, 1983 వరకు 155 గ్రాంప్రీ విజయాలు కూర్చుకుంది. రిచ్‌మండ్ వంటివారు ఇతరుల పోతలోని దోషాలను చేత్తో దిద్దితే, డక్‌వర్త్ దిద్దవలసిన దోషాన్ని పోతలోనే ఉండనివ్వలేదు. చరిత్ర రెండవవాడివైపు మొగ్గింది సహజమే గాని, మొదటివాడి వేళ్లు చెప్పిన సంగతులు రెండవవాడి కాగితంపైకి చేరలేదని అనుకోవడం పొరపాటు.

థ్రాటిల్ బాడీ అనే పేరు సామాన్య వ్యవహారంలోకి వచ్చింది ఇంధనాన్ని విద్యున్నియంత్రణతో చిమ్మే పద్ధతి ప్రబలిన తరువాతే. బాష్ సంస్థ 1967లో ఫోక్స్‌వాగన్ 1600కు సమకూర్చిన డి-జెట్రానిక్ మొదలు, 1980లలో ఉద్గార నిబంధనలు బిగిసేకొద్దీ కార్బురేటర్ ఒక్కొక్క కారునుంచే వెళ్లిపోయింది. దానితో మైబాఖ్ నాటి చిక్కుముడి కూడా విడిపోయింది. పెట్రోలును ఇంజెక్టర్ వేరుగా చిమ్ముతుంది కనుక గొట్టం సన్నగా ఉండవలసిన నిర్బంధం పోయింది. మిగిలింది పళ్లెం, ఇరుసు, గాలి. శతాబ్దం పాటు సన్నని కంఠంతో కుస్తీపట్టిన చేతులకు ఈ స్వేచ్ఛ ఎంత ప్రలోభకరమో ఊహించవచ్చు. థ్రాటిల్ బాడీని విప్పడానికి హెడ్ విప్పనక్కరలేదు. నాలుగు బోల్టులు, ఒక గ్యాస్కెట్, ఒక ఆదివారం చాలు. లోపలి గట్టును చెరిపి గొట్టాన్ని క్రమంగా సన్నబడేట్టు మలచడం, పళ్లెం అంచును పలుచన చేయడం, ఇరుసును పళ్లెం ఉన్న మేర సగానికి అరగదీయడం, పైకి పొడుచుకొచ్చిన స్క్రూ తలలను చదును చేయడం, ఇంకా ముందుకు పోతే గొట్టాన్ని లేతుపై బోరు చేయించి పెద్ద పళ్లెం వేయించడం: ఇవి ఆ పనిలోని అంగాలు.

వీటి ఫలితమెంత? 60 మి.మీ. గొట్టంలో 10 మి.మీ. ఇరుసు అడ్డంగా ఉంటే అది దారిలో అయిదో వంతును మూస్తుంది. సగానికి చెక్కితే అడ్డంకి పదో వంతుకు దిగుతుంది. 60ని 65 చేస్తే వైశాల్యం 17 శాతం పెరుగుతుంది. వినడానికి ఇవి పెద్ద అంకెలే. అయితే రెండు లీటర్ల ఇంజను నిమిషానికి 6000 చుట్ల వద్ద నిండుగా పీల్చినా సెకనుకు 100 లీటర్ల గాలినే కోరుతుంది, 60 మి.మీ. గొట్టంలో ఆ గాలి సగటు వేగం సెకనుకు 35 మీటర్లు. అంతటి ప్రవాహంలోని గతిశక్తి మొత్తం వృథా అయిందనుకున్నా, పోయే పీడనం వాయుమండల పీడనంలో ఒక శాతానికి లోపే. ప్రవాహాన్ని కొలిచే బల్లలపై పోర్టులను పరీక్షించే రివాజు పీడనం 28 అంగుళాల నీరు, అంటే దాదాపు ఏడు శాతం. ఆ బల్లపై థ్రాటిల్ బాడీలో కనిపించిన ఘనమైన వృద్ధి, కారులో అదే పాళ్లలో ఎందుకు కనిపించదో దీన్నిబట్టి తెలుస్తుంది. మరి చెక్కించినవారు కారు చురుకైందని చెప్పడం అబద్ధమా? కాదు. పెడల్‌ను కొద్దిగా నొక్కినప్పుడే మునుపటికంటె ఎక్కువ వైశాల్యం తెరుచుకుంటుంది కనుక ఆరంభంలో విసురు నిజంగానే హెచ్చుతుంది. కాలును ఇంకొంచెం నొక్కినా లభించేది అదే. పైగా, మూసివేత దగ్గర గాలి మెల్లగా అందేందుకు తయారీదారులు కావాలని పెట్టిన వంపును కొన్ని థ్రాటిల్ బాడీలలో చెరిపేస్తే, ట్రాఫిక్‌లో కారు తన్నుకుపోతుంది. పళ్లెం అంచుకు పూసిన ముద్రపూత గీకేస్తే ఐడిలింగ్ నిలవదు.

ఇరుకు లేని చోట వెడల్పు చేస్తే లాభం స్వల్పమనడానికి ఉదాహరణ వెతుక్కోనక్కరలేదు. జనరల్ మోటర్స్ 1985లో కార్వెట్‌కు అమర్చిన ట్యూన్డ్ పోర్ట్ ఇంజెక్షన్ 5.7 లీటర్ల ఇంజనుకు 230 అశ్వశక్తి ఇచ్చింది. 48 మి.మీ. జంట గొట్టాల దాని థ్రాటిల్ బాడీకి బదులు 52 మి.మీ. వి విపణిలో విరివిగా అమ్ముడయ్యాయి. ఆ ఇంజనులో అసలు ఇరుకు థ్రాటిల్ వద్ద లేదు. తక్కువ వేగంలో బలం కోసం ఉద్దేశపూర్వకంగా పొడవుగా, సన్నగా చేసిన మానిఫోల్డు గొట్టాలలో ఉంది. వాటిని తాకకుండా ముఖద్వారం పెంచినవారికి దక్కింది స్వల్పం. హెడ్, కామ్, మానిఫోల్డు అన్నీ మారి, ఇంజను వేగం పెరిగి, థ్రాటిలే చివరి ఇరుకుగా మిగిలిన యంత్రంలో ఆ మార్పే గౌరవప్రదమైన ఫలితాన్ని ఇస్తుంది. చివర చేయవలసిన పనిని, సులభమన్న కారణంతో మొదట చేయడమే ఈ విద్యకు చెడ్డపేరు తెచ్చింది.

థ్రాటిల్‌కు ఉన్న అసలు బలాన్ని రుజువు చేసినవారు దాన్ని పెంచినవారు కాదు, కుదించినవారు. 1987లో అమెరికాలోని టాలడేగా పందెపు మైదానంలో బిల్ ఎలియట్ గంటకు 212.809 మైళ్ల వేగం నమోదు చేశాడు; అదే పందెంలో బాబీ అలిసన్ కారు గాలిలోకి లేచి ప్రేక్షకుల ముందున్న కంచెను చీల్చింది. మరుసటి ఏడాదినుంచి డేటోనా, టాలడేగాలలో కార్బురేటర్‌కూ మానిఫోల్డుకూ మధ్య నాలుగు రంధ్రాల అల్యూమినియం పలకను అక్కడి కారు పందేల నిర్వాహక సంస్థ నాస్కార్ తప్పనిసరి చేసింది. ఏళ్ల తరబడి హెడ్లను చెక్కి పోగుచేసిన బలం ఆ చిన్న పలక ముందు కుప్పకూలింది. 1988 డేటోనా 500 విజేత ఆ బాబీ అలిసనే కావడం చరిత్రలో అప్పుడప్పుడు కనిపించే విచిత్రం. యంత్రం కోరే గాలికంటె రంధ్రం బాగా చిన్నదైనప్పుడు గాలి శబ్దవేగాన్ని అందుకొని, అక్కడితో ఆగిపోతుంది. ఆపైన ఎంత లాగినా ఒక్క గ్రాము ఎక్కువ రాదు. ప్రపంచ ర్యాలీలో 1995నుంచి విధించిన 34 మి.మీ. వ్యాసపు నిరోధకం గుండా సెకనుకు సుమారు 220 గ్రాముల గాలికి మించి పోలేదు. ఆ పరిమితిని తప్పించుకొనేందుకు టొయోటా జట్టు నిరోధకం బిగింపులో ఒక రహస్య ఏర్పాటు చేసింది. బిగించినప్పుడు అది కదిలి, నిరోధకాన్ని దాటుకొని గాలి చొరబడేందుకు సన్నని సందు ఏర్పడేది. విప్పి చూసేసరికి అంతా సక్రమంగా ఉండేది. అదే ఏడాది కాటలోనియా ర్యాలీలో బయటపడిన ఈ పన్నాగానికి 12 నెలల నిషేధం శిక్షగా పడింది. నేరం నేరమే. అందులోని పనితనాన్ని మెచ్చుకోకుండా ఉండలేకపోయినవారిలో శిక్ష విధించినవారు కూడా ఉన్నారు.

మన దేశంలో ఈ విద్య కార్లకంటె ముందు రెండు చక్రాలపై వ్యాపించింది. 1985లో వచ్చిన యమహా ఆర్ఎక్స్100 వంటి రెండు ఘాతాల బండ్లలో కామ్‌తో తెరుచుకొనే వాల్వులు లేవు. సిలిండరు గోడలోని రంధ్రాలే ద్వారాలు. తెలుగు పట్టణాలలో పోర్టింగ్ అనే మాటకు మొదట స్థిరపడిన అర్థం ఆ రంధ్రాలను ఆకురాయితో పెంచడమే. కొందరు మేస్త్రీల చేతిలో అది కళ. చాలామంది చేతిలో పాడైన సిలిండరు, పెరిగిన పొగ. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ వాహనపు మౌలిక లక్షణాల మార్పును నియంత్రిస్తుండగా, తయారీదారు నిర్దేశించినదానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కాలిఫోర్నియాలో ఇటువంటి విడిభాగాలకు వాయు వనరుల బోర్డు మినహాయింపు ఉత్తర్వు ముందుగా ఉండాలి. చట్టం ఈ విద్యను పూర్తిగా నిర్మూలించలేదు. పందెపు మైదానాలకు మాత్రం పరిమితం చేయజూసింది.

ఈలోపు నిర్మాతల వైపు పరిస్థితి మారింది. కంప్యూటరు నడిపే అయిదు అక్షాల యంత్రాలు ఒకరు చేత్తో మలచిన పోర్టును వందల హెడ్లపై తేడా లేకుండా చెక్కుతున్నాయి. పెడల్‌కూ పళ్లేనికీ మధ్య ఉన్న తీగ పోయి విద్యుత్ మోటారు వచ్చింది. కాలు ఎంత నొక్కినా పళ్లెం ఎంత తెరవాలో కంప్యూటరే నిర్ణయిస్తుంది. పళ్లెం అడ్డుపెట్టి ఊపిరి బిగించడంలో వృథా అయ్యే శక్తిని మిగుల్చుకోవాలన్న ఆలోచన 2001లో బీఎండబ్ల్యూ 316టీఐ కాంపాక్ట్‌లో వాల్వ్‌ట్రానిక్ పేర ఆచరణలోకి వచ్చింది. అందులో లోపలి వాల్వులే అవసరాన్ని బట్టి ఎక్కువ తక్కువలుగా తెరుచుకొని గాలిని కొలుస్తాయి. ఆ ఇంజనుకూ థ్రాటిల్ బాడీ ఉంది. మామూలు ప్రయాణంలో దాని పళ్లెం పూర్తిగా తెరుచుకొనే ఉంటుంది.